కంటికి కన్ను దగ్గర ఆగిపోయిన చదువు

మోషే పేరెత్తితే మన దగ్గర వినిపించే మాట దాదాపు ఒకటే. ఆయన శిక్షల మనిషి. కంటికి కన్ను, పంటికి పన్ను అన్నవాడు. రాళ్లతో కొట్టి చంపమన్నవాడు. చర్చిలో ఈ మాటకు ఒక కొనసాగింపు ఉంటుంది: మోషే భయపెట్టాడు, యేసు వచ్చి ప్రేమించడం నేర్పాడు. చర్చి బయట, హేతువాదుల రాతల్లో, ఇంకో కొనసాగింపు: ఆ చట్టాలైనా మోషే సొంతం కావు, బాబిలోను రాజు హమ్మురాబి నుంచి ఎత్తుకొచ్చినవి, దేవుడి పేరు చెప్పి ఒక జాతిని గుప్పిట్లో పెట్టుకోవడానికి వాడుకున్నవి. మిగతా ఏ విషయంలోనూ పొసగని ఈ రెండు వర్గాలకీ మోషే మీద తీర్పు దగ్గర పేచీ లేదు. ఆ తీర్పు తప్పని, మొదటి నుంచి చివరిదాకా తప్పని ఈ వ్యాసంలో నా వాదన.

ముందు ఎదుటి పక్షానికి ఉన్న బలమేమిటో చెప్పాలి. సంఖ్యాకాండం 15వ అధ్యాయంలో విశ్రాంతి దినాన కట్టెలేరుకున్న మనిషిని పాళెం వెలుపలికి తీసుకెళ్లి రాళ్లతో కొట్టి చంపారు. అదే పుస్తకం 31వ అధ్యాయంలో, మిద్యానీయుల మీద యుద్ధం ముగిశాక, చెరపట్టి తెచ్చిన మగపిల్లల్నీ, పురుషుణ్ణి ఎరిగిన స్త్రీలనూ చంపమని మోషే ఆజ్ఞాపించాడు. ద్వితీయోపదేశకాండం 20వ అధ్యాయం కనాను పట్టణాల్లో ఊపిరున్న దేన్నీ బతకనివ్వొద్దంటుంది. లేవీయకాండం 25వ అధ్యాయం పరజాతుల నుంచి కొన్న దాసుల్ని తరతరాలకూ ఆస్తిగా ఉంచుకోనిస్తుంది. వీటిని నేను సమర్థించను. వీటికి మెత్తటి వ్యాఖ్యానాలు వెతికేవారితోనూ నాకు పొత్తు లేదు. చదివినప్పుడు కడుపులో దేవినట్టుంటే అది చదివేవారి తప్పు కాదు.

కానీ అభియోగం ఇంతవరకే ఉంటే నేను కలం పట్టేవాణ్ణి కాను. ఈ ధర్మశాస్త్రానికి గుండెకాయ ప్రతీకారమేననీ, అది అరువు సరుకనీ, దాని కాలం చెల్లిందనీ అంటున్నారు. ఈ మూడూ గ్రంథం ముందు నిలబడవు.

మోషే అనే మనిషి నిజంగా ఉన్నాడా అన్న ప్రశ్న ఇక్కడ అడ్డు రాకూడదు. ఐగుప్తు శాసనాల్లో ఆయన పేరు లేదు. ఇశ్రాయేలు అన్న పేరు మనకు ఖాయంగా కనిపించే తొలి శాసనం ఫరో మెర్నెప్తాది, సుమారు క్రీ.పూ. 1208 నాటిది, ఫ్లిండర్స్ పెట్రీ 1896లో థీబ్స్‌లో వెలికితీశాడు. పంచకాండాలు, అంటే ఆదికాండం నుంచి ద్వితీయోపదేశకాండం దాకా ఉన్న అయిదు పుస్తకాలు, అనేక తరాల చేతుల్లో రూపుకట్టాయని ఎక్కువమంది పండితులు అంటారు. ఉండనీండి. నింద మోషే పేరున ఉన్న చట్టం మీద కాబట్టి జవాబు కూడా ఆ చట్టంలోంచే చెబుతాను.

1. ప్రతీకారమన్న నింద

కంటికి కన్ను అన్న మాట పంచకాండాల్లో మూడు చోట్ల వస్తుంది. నిర్గమకాండం 21లో, ఇద్దరు కొట్లాడుకుంటూ గర్భిణికి దెబ్బ తగిలించిన సందర్భం. లేవీయకాండం 24లో, సాటి మనిషిని గాయపరిచి అంగహీనుణ్ణి చేసిన సందర్భం. ద్వితీయోపదేశకాండం 19లో, నిరపరాధిని ఇరికించడానికి అబద్ధ సాక్ష్యం చెప్పినవాడి సందర్భం. మూడు చోట్లా అది తీర్పరికి ఇచ్చిన కొలత. దెబ్బతిన్నవాడి చేతికి కత్తి ఇచ్చిన జాడ ఏ ఒక్కచోటా లేదు.

కొలత ఎందుకు అవసరమైందో ఆదికాండం 4వ అధ్యాయం చూస్తే తెలుస్తుంది. లెమెకు తన భార్యల ముందు నిలబడి, తనకు గాయం చేసినందుకు ఒక మనిషిని చంపేశానని, తనకోసం డెబ్బయ్యేడింతల పగ తీరుతుందని గొప్ప చెప్పుకుంటాడు. పగకు పగ్గాలు లేని లోకం అది. ఒక కంటికి ఒక కన్నే, అంతకు మించి వీల్లేదు అనడం ఆ లోకానికి వేసిన పగ్గం. ఎక్కువ కోరొద్దని చెప్పిన చట్టాన్ని ఎక్కువ కోరినవాడి చట్టంగా చూపించడం అన్యాయం.

ఇక అక్షరాలా కన్ను పీకమనే ఆ చట్టం అర్థమని పట్టుబట్టేవారు అదే అధ్యాయంలో కొంచెం పైకి చూడాలి. 18, 19 వచనాల్లో ఇద్దరు మనుషులు తగాదాపడి ఒకడు రాయితోనో పిడికిలితోనో కొడితే, దెబ్బతిన్నవాడు మంచాన పడితే, కొట్టినవాడు ఏం చెల్లించాలో ఉంది. పని పోగొట్టుకున్న రోజులకు పరిహారం, పూర్తిగా నయమయ్యేదాకా వైద్యం. అతన్ని తిరిగి కొట్టమని లేదు. గాయానికి గాయమే ఆ చట్టం పద్ధతి అయితే ఈ రెండు వచనాలకు అక్కడ చోటే ఉండదు. సంఖ్యాకాండం 35:31 ఇంకో ఆనవాలు. నరహంతకుడి ప్రాణానికి బదులుగా సొమ్ము పుచ్చుకోవద్దని అది ప్రత్యేకంగా నిషేధిస్తుంది. ప్రాణం విషయంలో మాత్రమే ఆ నిషేధం పెట్టాల్సి వచ్చిందంటే మిగతా గాయాల విషయంలో సొమ్ముతో పరిష్కారం మామూలేనన్నమాట. ఈ తర్కాన్ని నేను కొత్తగా కనిపెట్టలేదు. యూదుల ధర్మశాస్త్ర చర్చల గ్రంథమైన తల్ముదులో రబ్బీలు, అంటే యూదు ధర్మశాస్త్ర గురువులు, ఎప్పుడో చేశారు. సుమారు క్రీ.శ. 200లో కూర్చిన వాళ్ల న్యాయ సంకలనం మిష్నా గాయానికి అయిదు పద్దులు లెక్కగట్టింది: అంగవైకల్యం వల్ల వచ్చిన నష్టం, నొప్పి, వైద్యం, పోయిన పనిదినాలు, అవమానం. అవమానానికి పరిహారం! ఇవాళ్టి మన కోర్టుల్లో రోడ్డు ప్రమాదంలో కాలు పోయినవాడు ఈ అయిదో పద్దు కింద ఎంత రాబట్టగలడో న్యాయవాదులే చెప్పాలి.

ఇదంతా రబ్బీల సంస్కారం, మోషేకు దీనితో సంబంధం లేదని ఒక ఎదురుమాట ఉంది. అయితే రబ్బీలు దీన్ని దేనితో కట్టారు? ఇద్దరు సాక్షులు లేనిదే మరణశిక్ష లేదన్నది ద్వితీయోపదేశకాండం 17:6. ఆ సాక్షులే తొలి రాయి వెయ్యాలన్నది దాని తర్వాతి వచనం. అంటే చంపించే మాట చెప్పినవాడు ఆ చావును తన చేత్తో మొయ్యాలి. అబద్ధం చెబితే ఎదుటివాడికి తలపెట్టిన శిక్షే తనకు పడుతుందన్నది 19వ అధ్యాయం. ఏడేళ్లకొక్కసారి మరణశిక్ష వేసినా అది వినాశకరమైన న్యాయసభ అని మిష్నా పెద్దలు అన్నారు. డెబ్బయ్యేళ్లకొక్కసారి వేసినా అంతేనన్నాడు ఎలియాజరు బెన్ అజర్యా. తాము సభలో ఉండుంటే ఒక్కరినీ చంపనిచ్చేవాళ్లం కామన్నారు అకీబా, తర్ఫోను. వాళ్లు మోషేను కాదని అక్కడికి చేరలేదు. మోషే బిగించిన షరతుల్ని చివరంటా పాటించి చేరారు.

అన్నిటికన్నా బలమైన సాక్ష్యం లేవీయకాండం 19:18. పొరుగువాణ్ణి నీవలె ప్రేమించమన్న ఆజ్ఞ అక్కడిది. చాలామంది దాన్ని సువార్తల్లో మొదటిసారి పుట్టిన మాటగా అనుకుంటారు. ఆ వచనం మొదలయ్యేదే పగ తీర్చుకోవద్దని, కక్ష పెట్టుకోవద్దని. ప్రతీకారాన్ని పేరుపెట్టి నిషేధించిన చట్టానికి ప్రతీకార చట్టమని పేరు పెట్టారు మనవాళ్లు.

2. హమ్మురాబి నకలన్న నింద

ఈ వాదానికి ఒక పుట్టుక తేదీ ఉంది. ఇరాన్‌లోని సూసాలో జాక్ ద మోర్గాన్ నడిపిన ఫ్రెంచి తవ్వకాల్లో, 1901-02 శీతకాలంలో, రెండు మీటర్లకు పైగా ఎత్తున్న నల్లరాతి శిల బయటపడింది. క్రీ.పూ. 18వ శతాబ్దపు హమ్మురాబి చట్టాలు, సుమారు 282, దాని మీద చెక్కి ఉన్నాయి. ఇప్పుడది పారిస్‌లోని లూవ్ర్‌లో ఉంది. సరిగ్గా ఆ శీతకాలంలోనే, 1902 జనవరిలో, బెర్లిన్‌లో కైజరు రెండో విల్‌హెల్మ్ ఎదుట ఫ్రీడ్రిక్ డెలిట్ష్ అనే పండితుడు బాబిలోనుకూ బైబిలుకూ ముడిపెట్టి ఉపన్యాసం ఇచ్చాడు. శిల మీది పాఠం అచ్చయ్యాక ఆ వివాదం ఇంకా రాజుకుంది. నూరేళ్లు దాటినా మన దగ్గర అదే వాదం కొత్త కబురులా తిరుగుతోంది.

పోలికలు ఉన్నాయా? తప్పకుండా ఉన్నాయి. హమ్మురాబి కన్నా దగ్గరి పోలిక మెసొపొతేమియాలోని మరో నగరం ఎష్నున్నా చట్టాల్లో ఉంది. ఒకడి ఎద్దు ఇంకొకడి ఎద్దును పొడిచి చంపితే బతికున్న ఎద్దు వెలనూ చచ్చినదాని విలువనూ ఇద్దరూ చెరిసగం పంచుకోవాలన్న నియమం ఎష్నున్నాలోనూ, నిర్గమకాండం 21:35లోనూ దాదాపు ఒకే రూపంలో కనిపిస్తుంది. ఆ నేల మీద న్యాయం చెప్పేవారికి ఒక ఉమ్మడి వారసత్వం ఉందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. కొన్నిచోట్ల హమ్మురాబే మెరుగని కూడా ఒప్పుకోవాలి. అప్పుకింద అమ్ముడుపోయిన భార్యాబిడ్డల్ని ఆయన మూడేళ్లకే విడిపించాడు. నిర్గమకాండం హెబ్రీ దాసుడికి పెట్టిన గడువు ఆరేళ్లు. పంట పోయిన ఏడాది రైతు వడ్డీ కట్టనక్కర్లేదన్నాడు. బలవంతుడు బలహీనుణ్ణి అణచకుండా చూడటానికే ఈ చట్టాలని శిల మీద చెక్కించాడు. అది గొప్ప మాటే.

కానీ నకలు అన్న అభియోగం నిలవాలంటే పోలికలు చూపిస్తే సరిపోదు, తేడాలకు కారణం చెప్పాలి. ఆ తేడాలు చిల్లర తేడాలు కావు.

హమ్మురాబి చట్టంలో మనిషికో వెల ఉంది. కులీనుడు ఇంకో కులీనుడి కన్ను పోగొడితే అతని కన్ను పోతుంది. సామాన్యుడి కన్ను పోగొడితే ఒక మీనా వెండి. దాసుడి కన్నయితే ఆ దాసుడి వెలలో సగం, అదీ యజమానికి. నిర్గమకాండం ఏం చేసింది? కంటికి కన్ను అన్న 24వ వచనం దాటి రెండే వచనాలు కిందికి రండి. యజమాని తన దాసుడి కన్ను గానీ దాసి కన్ను గానీ పోగొడితే ఆ కంటికి బదులు వాళ్లను స్వతంత్రులుగా పంపెయ్యాలి. పన్ను రాలగొట్టినా అంతే. ఒక పంటికి ఒక మనిషి స్వేచ్ఛ! ఇక్కడ పరిహారం యజమాని సంచిలోకి వెళ్లడం లేదు, దెబ్బతిన్నవాడి చేతికొస్తోంది. ఈ రెండు వచనాలూ చదవకుండా 24 దగ్గర పుస్తకం మూసేయడం వల్లే ఇంత అపవాదు నిలిచింది.

ఇంకొకటి. హమ్మురాబి చట్టం ప్రకారం మేస్త్రీ కట్టిన ఇల్లు కూలి ఇంటి యజమాని కొడుకు చనిపోతే మేస్త్రీ కొడుకును చంపాలి. ఒకడి దెబ్బకు కులీనుడి కూతురు, కడుపుతో ఉన్నది, చనిపోతే కొట్టినవాడి కూతుర్ని చంపాలి. ఆ పిల్లలు చేసిన నేరం ఏమీ లేదు. వాళ్లు తండ్రి ఆస్తి కాబట్టి ఆస్తికి ఆస్తి పోయిందంతే. ద్వితీయోపదేశకాండం 24:16 దీన్ని నిట్టనిలువునా కొట్టేసింది: బిడ్డల దోషానికి తండ్రుల్ని, తండ్రుల దోషానికి బిడ్డల్ని చంపకూడదు, ఎవడి పాపానికి వాడే. రాజైన అమజ్యా తన తండ్రిని చంపినవారిని దండించి, మోషే ధర్మశాస్త్రాన్ని బట్టి వాళ్ల పిల్లల్ని వదిలేశాడని రాజుల రెండో గ్రంథం ప్రత్యేకంగా నమోదు చేసింది.

మూడో తేడా ఆస్తి గురించి. బాబిలోనులో ఇంటికి కన్నం వేసినవాడికి చావు. గుడి సొత్తో కోట సొత్తో దొంగిలిస్తే చావు. పశువును దొంగిలించి పదింతలో ముప్పయ్యింతలో కట్టలేకపోతే చావు. నిర్గమకాండం 22లో ఎద్దును దొంగిలించి అమ్మేస్తే అయిదింతలు, గొర్రెకు నాలుగింతలు, సొత్తు ప్రాణంతో దొరికితే రెండింతలు. కట్టలేనివాణ్ణి దాసుడిగా అమ్మొచ్చు, చంపడానికి వీల్లేదు. రాత్రి చీకట్లో కన్నం వేస్తున్న దొంగ దెబ్బకు చస్తే ఇంటివాడి మీద నేరం లేదు. పొద్దు పొడిచాక చంపితే మాత్రం అది హత్యే. మోషే చట్టంలో సొత్తుకోసం చంపడం లేదు, ప్రాణం పోతే సొమ్ముతో సర్దుకోవడమూ లేదని మోషే గ్రీన్‌బర్గ్ అనే పండితుడు 1960లో రాసిన వ్యాసం ఈ విషయంలో చాలామంది కళ్లు తెరిపించింది. నాగరికతకు కొలమానమని చెప్పుకున్న ఇంగ్లండులో, దుకాణంలో 5 షిల్లింగుల సరుకు దొంగిలించినవాడికి ఉరి వేసే చట్టం 19వ శతాబ్దం వరకూ నడిచింది.

నాలుగో తేడా నాకు అన్నిటికన్నా పెద్దది. హమ్మురాబి చట్టంలో పారిపోయిన దాసుణ్ణి ఇంట్లో దాచినవాడికి మరణశిక్ష. ద్వితీయోపదేశకాండం 23:15, 16 చెప్పేదేమిటంటే, యజమాని దగ్గర్నుంచి తప్పించుకుని నీ దగ్గరికి వచ్చిన దాసుణ్ణి అప్పగించకు, అతనికి నచ్చిన ఊళ్లో, నచ్చిన చోట నీ మధ్య బతకనివ్వు, అతన్ని బాధించకు. నకలు రాసేవాడు మూలాన్ని తలకిందులు చెయ్యడు. అమెరికాలో 1850 నాటి పరారీ దాసుల చట్టం, తప్పించుకొచ్చినవాడికి సాయపడితే వెయ్యి డాలర్ల జరిమానా, ఆరు నెలల జైలు అంది. అంటే మోషేకు మూడు వేల ఏళ్ల తర్వాత ఒక క్రైస్తవ దేశపు చట్టసభ ఆయనను వదిలి హమ్మురాబి వైపు నిలబడింది. దాసుల్ని రహస్యంగా ఉత్తరాదికి దాటించిన హేరియట్ టబ్‌మన్‌కు ఆమె మనుషులు పెట్టుకున్న పేరు మోషే.

3. దయలేని చట్టమన్న నింద

చట్టాలు సాధారణంగా కారణం చెప్పవు. ఇది చెయ్, ఇది చెయ్యకు, చేస్తే ఇది శిక్ష, అంతే. మోషే చట్టం పదేపదే ఒక కారణం చెబుతుంది: మీరు ఐగుప్తులో పరదేశులు, మీరు ఐగుప్తులో దాసులు. పరదేశిని పీడించొద్దు, ఎందుకంటే పరదేశి మనసు మీకు తెలుసు. విశ్రాంతి దినం నీకే కాదు, నీ దాసుడికి, దాసికి, ఎద్దుకు, గాడిదకు, నీ ఊళ్లో ఉన్న పరాయివాడికి కూడా. ఎందుకంటే నువ్వూ దాసుడివే. ఇటుకల లెక్క తగ్గకుండా గడ్డి ఆపేసిన ఫరో పనిపెత్తనాన్ని చవిచూసినవాళ్ల చట్టం కాబట్టి దానికి ఆ జ్ఞాపకమే పునాది. ఆ జ్ఞాపకం ప్రతీకారంగా మారే వీలుంది. చరిత్రలో అణచివేత నుంచి బయటపడ్డవాళ్లు చాలాసార్లు అటే వెళ్లారు. ఈ చట్టం ఆ దారి మూసింది. ద్వితీయోపదేశకాండం 23:7 ఐగుప్తీయుణ్ణి అసహ్యించుకోవద్దంటుంది, వాడి దేశంలో నువ్వు పరదేశిగా ఉన్నావు కాబట్టి. మగబిడ్డల్ని నైలు నదిలో పారేయించిన దేశం గురించిన మాట ఇది.

కూలివాడి కూలి పొద్దుగూకకముందే ఇవ్వాలి, వాడు స్వజనుడైనా పరదేశి అయినా. వాడు పేదవాడు, ప్రాణం దాని మీదే పెట్టుకున్నాడు అన్నది అక్కడ చెప్పిన కారణం. తిరగలి రాయి తాకట్టు పట్టొద్దు, అది ఆ ఇంటి తిండి. అప్పిచ్చినవాడు తాకట్టు తెచ్చుకోవడానికి ఇంట్లోకి జొరబడకూడదు, గుమ్మం బయట నిలబడాలి. పేదవాడి పైబట్ట తాకట్టుగా ఉంటే చీకటి పడేలోపు తిరిగివ్వాలి, వాడు దేన్ని కప్పుకుని పడుకుంటాడు? అప్పు వసూలుకు వచ్చినవాళ్లు సామాను బయట పారేసి తలుపులకు తాళం వేసిన మన ఊళ్లల్లో ఈ వచనాలు పెద్దగా చదవాలి. పరిగె ఏరుకోవడం మన పల్లెల్లో ఆసామి దయ మీద నడిచేది. లేవీయకాండం, ద్వితీయోపదేశకాండం దాన్ని పేదల హక్కు చేశాయి: పొలం అంచుల దాకా కొయ్యకు, రాలిన పరిగె ఏరకు, మరిచిపోయిన పన కోసం వెనక్కి పోకు. మోయాబు దేశపు విధవ రూతు బేత్లెహేములో బతికింది ఈ చట్టం మీదే.

ఏడో ఏట విడుదలయ్యే దాసుణ్ణి ఉత్త చేతులతో పంపొద్దని ద్వితీయోపదేశకాండం 15 అంటుంది. మందలోంచి, కళ్లంలోంచి, గానుగలోంచి ధారాళంగా ఇచ్చి పంపాలి. మన దేశంలో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో వచ్చింది. వెట్టి నుంచి విడుదలైనవాడి చేతిలో ఏమీ లేకపోతే వాడు మళ్లీ అదే అప్పు దగ్గరికి వెళ్తాడని ఈ పని చేసినవారందరికీ తెలుసు. ఆ ఎడారి చట్టానికి ఇది ముందే తెలిసింది. యాభయ్యో ఏట, సునాద సంవత్సరంలో, అమ్ముడుపోయిన భూమి మొదటి కుటుంబానికి తిరిగి చేరాలన్న నియమానికీ మూలం ఇదే ఎరుక. అది ఏ మేరకు అమలైందన్నది వేరే చర్చ. భూమి కొందరి చేతుల్లో శాశ్వతంగా పోగుపడకూడదని ఒక ప్రాచీన చట్టం తలచడమే పెద్ద సంగతి.

ఇక్కడ కూడా లోపాలు ఉన్నాయి. కొట్టిన దెబ్బలకు దాసుడు వెంటనే చస్తే యజమానికి శిక్ష ఉంది, ఒకటి రెండు రోజులు బతికి చస్తే లేదని నిర్గమకాండం 21:20, 21 అంటుంది. పొడిచే ఎద్దు దాసుణ్ణి చంపితే యజమానికి 30 తులాల వెండి ఇచ్చి సరిపెట్టింది. బానిసత్వాన్ని రద్దు చెయ్యలేదు. కానీ ఈ గ్రంథం ఎవరికి ప్రమాదకరమో బానిసల యజమానులకు మనకన్నా బాగా తెలుసు. 1807లో లండన్‌లో, బ్రిటిష్ వెస్టిండీస్ దీవుల బానిసల కోసమని ఒక ఎంపిక చేసిన బైబిలు అచ్చువేశారు. పాత నిబంధనలో అత్యధిక భాగం తీసేశారు. ఫరో చెరలోంచి మోషే జనాన్ని విడిపించి తీసుకెళ్లిన కథ అందులో లేదు. మోషే దయలేని శిక్షల మనిషే అయితే, బానిసల్ని భయపెట్టి ఉంచడానికి అంతకన్నా పనికొచ్చే పుస్తకం ఉండదు కదా? ఎందుకు తీసేశారు?

4. అధికార దాహమన్న నింద

దీనికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. అధికారం కోసం చట్టం చేసినవాడు దాన్ని తన వంశానికి రాసిచ్చుకుంటాడు. మోషే కొడుకులు గెర్షోము, ఎలీయెజెరు ఏ పదవిలోనూ కూర్చోలేదు. నాయకత్వం ఎఫ్రాయిము గోత్రపు యెహోషువకు వెళ్లింది. మామ యిత్రో, మిద్యాను యాజకుడు, నువ్వొక్కడివే పొద్దుటినుంచి సాయంత్రం దాకా తీర్పులు చెబుతుంటే నువ్వూ నలిగిపోతావు, జనమూ నలిగిపోతారు అంటే విని, వేయిమందికీ, నూరుమందికీ, యాభైమందికీ, పదిమందికీ అధికారుల్ని పెట్టి అధికారం పంచేశాడు. సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురు, మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా, సర్వసమాజం ఎదుట నిలబడి కొడుకుల్లేని మా తండ్రి వాటా మాకెందుకు రాదని అడిగారు. వాళ్లడిగింది న్యాయమేనని తేలి చట్టం మారింది. తర్వాత సొంత గోత్రంలోనే పెళ్లాడాలని షరతు వచ్చి చేరిన మాట నిజమే. అయినా ఆడపిల్లలు నిలదీస్తే చట్టాన్ని సవరించిన నియంత ఎవరు?

ద్వితీయోపదేశకాండం 17వ అధ్యాయం రాజు గురించి చెప్పింది చదవండి. గుర్రాలు పోగెయ్యకూడదు, భార్యల్ని పోగెయ్యకూడదు, వెండి బంగారాలు పోగెయ్యకూడదు. ఈ ధర్మశాస్త్రాన్ని నకలు రాయించుకుని బతికినన్నాళ్లూ చదవాలి, తన సోదరుల మీద మనసు గర్వించకుండా. హమ్మురాబి శిల పైభాగాన రాజు తానే సూర్యదేవుడు షమాష్ ఎదుట నిలబడి ఉంటాడు. చివరంతా తన కీర్తే చెక్కించుకున్నాడు. పంచకాండాలు తమ నాయకుడు కోపంలో ఒక ఐగుప్తీయుణ్ణి చంపి ఇసుకలో కప్పెట్టాడని, బండను రెండుసార్లు కొట్టి దేవుడి ఆగ్రహానికి గురయ్యాడని, చివరికి వాగ్దాన దేశంలో అడుగుపెట్టకుండా నెబో కొండ మీద చనిపోయాడని దాచుకోకుండా రాశాయి. ఆయన సమాధి ఎక్కడుందో ఎవరికీ తెలియకుండా చేశాయి. బంగారు దూడ దగ్గర జనం పాపం చేస్తే వాళ్లను క్షమించు, లేదంటే నీ గ్రంథంలోంచి నా పేరు కొట్టెయ్యి అని వేడుకున్నాడు. నీ నుంచే గొప్ప జనాన్ని పుట్టిస్తానన్న దేవుడి మాటను అంతకుముందే కాదని వేడుకున్నవాడు ఆయన.

5. మోషేకు ఎదురుగా యేసును నిలబెట్టడం

ఇది బోధకులకు నేను సూటిగా చెబుతున్న మాట. మీరు ఆదివారం ఆదివారం చెప్పే ఈ వ్యత్యాసం సువార్త నుంచి వచ్చింది కాదు, మార్కియను నుంచి వచ్చింది. నల్లసముద్ర తీరపు సినోపే నుంచి రోముకు వచ్చిన ఈ మనిషి, ధర్మశాస్త్రం ఇచ్చిన దేవుడు వేరు, యేసు తండ్రి వేరు అన్నాడు. హెబ్రీ లేఖనాల్ని మొత్తంగా తోసేశాడు. క్రీ.శ. 144లో రోము సంఘం అతన్ని వెలివేసింది.

సువార్తలు ఏం చెబుతున్నాయి? అరణ్యంలో శోధకుడికి యేసు ఇచ్చిన మూడు జవాబులూ ద్వితీయోపదేశకాండంలోవే. గొప్ప ఆజ్ఞ ఏదని అడిగితే ఆయన చెప్పిన రెండూ మోషేవే, ఒకటి ద్వితీయోపదేశకాండం 6 నుంచి, ఇంకొకటి లేవీయకాండం 19 నుంచి. కొండమీది ప్రసంగంలో ధర్మశాస్త్రాన్ని కొట్టెయ్యడానికి రాలేదని ముందే చెప్పాకే కంటికి కన్ను ప్రస్తావన తెచ్చాడు. ఆ ప్రసంగం సడలింపు అనుకునేవారు మిగతా భాగాలు చూడాలి. కోపం, చూపు, విడాకులు, ఒట్టు, వీటిల్లో ఆయన మోషే కన్నా కఠినంగా మాట్లాడాడు. విడాకులకు మోషే అనుమతిచ్చింది జనం హృదయ కాఠిన్యాన్ని బట్టి అన్నాడు. అంటే ఆయన లెక్కలో మెత్తబడింది మోషేనే! మోషే కర్ర పట్టుకున్నవాడు, యేసు మెత్తనివాడు అన్న బొమ్మ ఈ ఒక్క మాటతో చెదిరిపోతుంది.

ఈ తప్పుకు ఎంత ధర పడిందో కూడా చెప్పాలి. పైన చెప్పిన డెలిట్ష్ తన చివరి ఏళ్లలో పాత నిబంధనే పెద్ద మోసమని పుస్తకం రాశాడు. 1920 దశకం మొదట్లో అడాల్ఫ్ ఫాన్ హర్నాక్, ఆ కాలపు మహా వేదాంతి, మార్కియను మీద రాసిన గ్రంథంలో ప్రొటెస్టెంటులు ఇంకా పాత నిబంధనను ప్రామాణిక లేఖనంగా అట్టేపెట్టుకోవడం సంఘం జబ్బుపడ్డ లక్షణమన్నాడు. 1939లో ఐసెనాఖ్‌లో, జర్మన్ సంఘ జీవితం నుంచి యూదు ప్రభావాన్ని తుడిచెయ్యడానికని ఏకంగా ఒక సంస్థ వెలిసింది. దాని విద్యావిషయక నాయకుడు వాల్టర్ గ్రుండ్‌మన్, కొత్త నిబంధన పండితుడు. మరుసటి ఏడాది యూదు జాడలు తీసేసిన కొత్త నిబంధనను వాళ్లు అచ్చువేశారు. హర్నాక్ నాజీ కాడు, మన పాస్టర్లు ఎవరి మీదా ద్వేషంతో ఈ మాట చెప్పడం లేదు. కానీ ప్రేమ మాది, పగ వాళ్లది అన్న పంపకం ఒకసారి మనసుల్లో స్థిరపడ్డాక అది ఏ చేతుల్లో పడుతుందో చెప్పినవాళ్ల అదుపులో ఉండదు.

6. ఈ అపార్థం మన దగ్గర చేస్తున్న పని

తెలుగు నేల మీద యూదులు చాలా తక్కువ, కాబట్టి ఇక్కడ దీనివల్ల నష్టం లేదనుకోవద్దు. ఘోరమైన నేరం జరిగిన ప్రతిసారీ కంటికి కన్ను అన్న కేక లేస్తుంది. 2019 డిసెంబరు 6 తెల్లవారుజామున హైదరాబాదు శివార్లలో, ఒక యువతిపై అత్యాచారం, హత్య కేసులో నిందితులు నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. విచారణ మొదలు కాలేదు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ ఆ కాల్పులు చంపే ఉద్దేశంతోనే జరిగాయని 2022లో తేల్చింది. ఆ అమ్మాయికి జరిగింది తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం ఆగదు. అయినా అలాంటి చావును పాత నిబంధన న్యాయమని పిలవడం అబద్ధం. ఇద్దరు సాక్షులు కావాలన్నది, అబద్ధ సాక్షికి శిక్ష పెట్టింది, లంచం పుచ్చుకోవద్దన్నది, గుంపుతో కలిసి న్యాయాన్ని తిప్పెయ్యొద్దని నిర్గమకాండం 23:2లో చెప్పింది ఆ చట్టమే. రక్తం కళ్లచూడాలని వెంటాడేవాడి నుంచి కాపాడటానికి ఆరు ఆశ్రయపురాలు ఏర్పాటు చేసింది. సంఖ్యాకాండం 35:12 ప్రకారం, నరహంతకుడైనా సరే, తీర్పు కోసం సమాజం ఎదుట నిలబడేదాకా వాణ్ణి చంపడానికి వీల్లేదు. ఆ కేక వేసేవాళ్లు వేసుకోవచ్చు. మోషే పేరు మీద మాత్రం వెయ్యడానికి వాళ్లకు హక్కు లేదు.